తల్లి బంగారాన్ని ముందుకు జరిపినవాడు

మా వియ్యంకుడు పోయిన బుధవారం పొద్దున ఉప్పల్‌లో తన ఇంట్లోనే చనిపోయాడు. మొఖం కడుక్కొని, చాయ్ తాగి, గోడకు ఒరిగి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నా బిడ్డ ఫోన్ చేసి "నాయినా, మామ లేస్తలేడు" అంది. నేను పోయేసరికి చేతులు చల్లబడ్డాయి.

నాలుగేళ్ల కింద ఆయన నా బండి తాళం గుంజుకున్నాడు. జిందగీ అంతా లారీ నడిపినవాణ్ని నేను. తాగినోని దగ్గర గుంజుకున్నట్టు, నడి రోడ్డు మీద, మా అన్న చూస్తుండగా గుంజుకున్నాడు. అడిగితే ఇచ్చేవాణ్ని కదా, ఎందుకు గుంజుకున్నావని ఎన్నిసార్లు అడిగినా జవాబు చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దంటారు. నేను పెట్టుకుంటాను. అది నాకూ ఆయనకూ మధ్య సంగతి, వేరేవాళ్లు అందులో వేలు పెట్టే పని లేదు.

కర్మకు ముందే పంచే కాగితంలో ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమని మన సంఘం వాళ్లు అడిగారు. నేను అక్షరాలు కూడబలుక్కునేవాణ్ని. తప్పులు నా బిడ్డ దిద్దింది. మాట మాత్రం మార్చనియ్యలేదు.

ములుగు దిక్కు నుంచి వచ్చి ఉప్పల్, నాచారంలో బతుకుతున్న మనవాళ్లకు ఆయన కొత్త కాదు. నాచారంలో ఒక ఫ్యాక్టరీ స్టోరులో పని చేసి దిగిపోయాడు. భయస్తుడు. బండి నడపడం రాదు. సైకిల్ మీద పోతూ సందు మలుపు వస్తే దిగి, నడిపించుకుంటూ మలిగి, మళ్లీ ఎక్కేవాడు. మేము నవ్వేవాళ్లం. "నవ్వుర్రి. పండ్లు మీయి, మోకాళ్లు నాయి" అనేవాడు.

ఆయనకు ఇంకో గుణం ఉండేది. ఎవరినైనా అడిగేస్తాడు. చాయ్ బండి దగ్గర నిలబడ్డ ట్రాక్టరు డ్రైవరును, బోరు బండి నడిపేటోణ్ని, బస్సు డిపో గేటు ముందు బీడీ తాగే మెకానికును, ఎవరైతే వాళ్లను. పక్కన నిలబడాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. "అడిగితే ఏం పోతది బావా. అడగకుంటెనే పోతది" అనేవాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా భార్యకు పక్షవాతం వచ్చి ఎడమ దిక్కు పడిపోయింది. దవాఖానాలో ఆమె కళ్లు తెరవని రోజు మా అన్న సమ్మక్క తల్లికి మొక్కాడు, లేచి కూర్చుంటే ఆమె నిలువెత్తు బంగారం ఇస్తామని. తల్లి దగ్గర బెల్లాన్ని మనం బెల్లం అనం, బంగారమే అంటాం. ఆమె లేచి కూర్చుంది. సగం మాట కూడా వచ్చింది. ఇక మొక్కు తీర్చాలి. బస్సులో ఆమె కూర్చోలేదు. జాతర జనంలో బయటికి పోవాలంటే ఆడమనిషికి ఎంత కష్టమో మీకు తెలుసు. అందుకని నాచారంలో ఒక వెల్డింగ్ షెడ్డులో గది ట్రాలీ చేయించాను. రేకుల గది, కింద రెండు చక్రాలు, లోపల మంచం, కమోడు కుర్చీ, నీళ్ల డ్రమ్ము. పండుకునే పోవచ్చు, పండుకునే రావచ్చు.

దాన్ని లాగే బండి కావాలి. జాతర దగ్గర వాగంతా ఇసుక. మామూలు బండి దిగిందంటే అక్కడే. డీజిల్ బండి, నాలుగు చక్రాలూ లాగేది కావాలి. నేను చూస్తానన్నాను. ఆయనను రమ్మని పిలవలేదు. వచ్చాడు.

ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన పాత బండ్లు అమ్మే జాగాలో నాకు ఒక తెల్ల బండి నచ్చింది. ఎత్తుగా, పెళ్లికొడుకులా ఉంది. నేను తలుపు తీసేలోపు ఆయన పోయి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు.

"ఎచ్చగున్నదేంది తమ్మీ?"

"మీరు వస్తున్నరని జర స్టార్ట్ జేసి పెట్టిన అన్నా" అన్నాడు అమ్మేవాడు.

"రేపు పొద్దుగాల వస్తం. మేమొచ్చేదాంక ముట్టకు."

మరునాడు పోతే మళ్లీ వెచ్చగానే ఉంది. నాకు ఒళ్లు మండింది.

"బావా, బండి కొంటున్నమా, జరం సూస్తున్నమా?"

"జరమే సూస్తున్న. సల్లగున్న ఇంజన్ పొద్దుగాల ఎట్ల లేస్తదో సూడకుండ కొంటే, చెల్లెను పెట్టుకొని అడివిల కూసుంటవ్" అన్నాడు. నా భార్యను ఆయన చెల్లె అని పిలిచేవాడు.

తర్వాత మేడిపల్లిలో బోర్లు వేసే ఆసామి దగ్గర ఒక పాత జీపు చూపించాడు. రంగు పోయింది. ఒక తలుపుకు తాడు కట్టి ఉంది. దాని మీద కోడి పడుకుని ఉంటే అదిలించి బానెట్ ముట్టుకున్నాడు. చల్లగా ఉంది. తాళం తిప్పితే రెండు దగ్గులు దగ్గి, ఇంత నల్ల పొగ వదిలి, సాఫ్ అయింది. నడుస్తున్న ఇంజన్ మీద ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఊపిరి పైకి తంతలేదు, ఇంజన్ అరగలే" అన్నాడు. కిందికి దూరి, వెనుక ట్రాలీ కొండి బిగించే చోట ఛాసిస్ తుప్పు పట్టిందా అని రాయితో కొట్టి చూశాడు. బయటికి వచ్చేసరికి అంగీ అంతా గ్రీజు.

"గీ ముసలి బర్రెనా?" అన్నాను.

"లాగి సూద్దాం పా" అన్నాడు.

నారపల్లిలో అప్పుడు పొలాలను ప్లాట్లు చేస్తూ మట్టి దిబ్బలు పోసి ఉన్నాయి. ట్రాలీలో ఇసుక బస్తాలు వేసుకొని అక్కడికి పోయాం. తెల్ల బండివాడు కూడా పంతానికి వచ్చాడు. తెల్ల బండి ట్రాలీతో దిబ్బను ఒక్క గుక్కలో ఎక్కింది. జీపు మూలుగుతూ ఎక్కింది. నేను ఆయన దిక్కు చూసి నవ్వాను.

"ఎక్కుడు అందరు ఎక్కుతరు. దిగుడు సూడాలె. బ్రేకు ముట్టకుండ దిగు బావా."

"బ్రేకులెందుకున్నయ్ మరి?"

"ఆపెటందుకు. దించెటందుకు గాదు."

తెల్ల బండిని ట్రాలీ వెనుక నుంచి నూకింది. బ్రేకు మీద నిలబడితే గాని ఆగలేదు. దానికి నాలుగు చక్రాల గేరు ఉంది గాని, మెల్లగా దించే చిన్న గేరు లేదు. జీపును నాలుగు చక్రాల మీదికి వేసి, చిన్న గేరులో వదిలేస్తే, బర్రె చెరువులోకి దిగినట్టు దిగింది. స్టీరింగ్ మీద ఉన్నది నేనే కాబట్టి కాదనలేకపోయాను. ముసలి బర్రెనే ఇంటికి తోలుకొచ్చాం.

జాతరకు పోయే పొద్దున మా అన్న ఇంటివాళ్లు మేడిపల్లి నుంచి, నారపల్లి నుంచి వచ్చారు. వదిన పసుపు నీళ్లు చల్లి బంగారం ట్రాలీలోకి ఎక్కించింది. ముందు దిక్కున నా భార్య కాళ్లు, వాటి పక్కన కమోడు కుర్చీ. తల్లి బంగారం అక్కడ పెట్టకూడదు. అందుకని మొత్తం తీసుకుపోయి ట్రాలీ తోక మీద, వెనుక తలుపు దగ్గర పేర్చారు. మనిషి ఎత్తు బరువు. మనవాళ్లు ఎవరైనా అలాగే పేరుస్తారు.

ఆయన చూశాడు. "పెద్ద బావా, బరువు తోక మీద పడితే ట్రాలీ కొట్టుకుంటదట. ట్రాక్టరోళ్లు జెప్పిన్రు" అన్నాడు అన్నతో.

"ట్రాక్టరోళ్లు తల్లి కంటె పెద్దోళ్లా?" అన్నాడు అన్న.

మా ఇంట్లో అన్న మాట మీద ఇంకో మాట ఉండదు. బయలుదేరాం. జీపులో నేను, నా పక్కన ఆయన, వెనుక అన్నా వదినా. ట్రాలీలో నా భార్య, తోడు నా బిడ్డ.

భువనగిరి దాటాక ఒక దిగుడు వచ్చింది. ముందు సన్నగా ఊగింది. తర్వాత స్టీరింగ్ నా మాట వినడం మానేసింది. అద్దంలో చూస్తే ట్రాలీ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, రోడ్డంతా తనదే అన్నట్టు కొట్టుకుంటోంది. ఎదురుగా లారీ వస్తోంది. లోపల నా భార్య ఉంది. లేచి తలుపు పట్టుకోలేని మనిషి. నా బిడ్డ కేక ఇంజన్ చప్పుడులో కూడా వినపడింది. బ్రేకు మీదికి పోతున్న కాలును నేను ఆపుకున్నాను. బ్రేకు వేస్తే ట్రాలీ మడత పడుతుందని లారీవాడికి ఎవరూ చెప్పక్కరలేదు. కాలు మొత్తం తీసేసి, గేరు తగ్గించి, స్టీరింగ్ నిటారుగా పట్టుకున్నాను. ముసలి బర్రె ఏడుస్తూ ఆపుకుంది. లారీ మా పక్క నుంచి గాలి కొట్టి పోయింది. మేము అంచు మట్టిలో ఆగాం.

నేను ఇంకా స్టీరింగ్ వదలలేదు. ఆయన చెయ్యి చాపి తాళం గుంజుకొని, దిగి, మైలురాయి మీద కూర్చున్నాడు.

"బంగారం ముందలికి వచ్చేదాంక తాళం ఇయ్య."

అన్న దిగి ఆయన మీదికి పోయాడు. "దొడ్డికి కూసునే కుర్చీ ఉన్న కాడ పెడ్తవా తల్లి బంగారం? నీకు కండ్లు పోతయ్ బావా."

"పోనీ. చెల్లె మాత్రం పోవద్దు."

"తల్లి సూస్తది, తల్లి కాపాడ్తది."

"తల్లి ఒక్కపాలి కాపాడింది పెద్ద బావా. మళ్ల మళ్ల పరీచ్చ పెడ్తమా?"

అన్న వదినను తీసుకొని నాలుగు అడుగులు ముందుకు పోయి, చెయ్యి అడ్డం పెట్టి, జాతర బస్సు ఎక్కాడు.

అప్పుడు ఆయన ఏం చేశాడో అన్న చూడలేదు. నేను చూశాను. కమోడు కుర్చీని విప్పి వెనక్కి తీసుకుపోయి తోకకు కట్టాడు. డ్రమ్ములో నీళ్లన్నీ పోసి ఆ చోటు కడిగాడు, తాగడానికి కూడా మిగల్చలేదు. వాగులో స్నానం చేసి కట్టుకుందామని తెచ్చుకున్న కొత్త పంచె మడత విప్పి కింద పరిచాడు. నా భార్య దగ్గరికి పోయి వంగి అడిగాడు.

"చెల్లె, ఈడ పెట్టనా? నీకు మనసొప్పుతదా?"

నా భార్యకు సగం మాటే వస్తుంది. ఆ సగంతోనే చెప్పింది. "అన్నా... నా తల కాడ... పెట్టు." తానే చెయ్యి చూపించి, తలను ముందు దిక్కుకు తిప్పించుకుంది. కాళ్లు వెనక్కి పోయాయి. ఆయన ఒక్కొక్క దిమ్మను కళ్లకు అద్దుకొని ఆమె తల దగ్గర పేర్చాడు. నా బిడ్డ అందించింది. నేను రోడ్డు మీద నిలబడ్డాను, తాళం లేని డ్రైవరును.

ఆ తర్వాత ట్రాలీ ఊగలేదు. వాగు ఇసుకలో మా బండి దిగింది, ఎక్కింది, కూరుకుపోయిన ఇంకొకరి జీపును కూడా లాగింది. బంగారం తల్లికి అందింది. నా భార్య తల్లి గద్దెల వైపు చూసి చెయ్యి ఎత్తింది. అన్న జాతరలో మమ్మల్ని చూసి మొఖం తిప్పుకున్నాడు.

ఈ నాలుగేళ్లలో అన్న ఇంటివాళ్లు మా వియ్యంకుడి ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. బంగారాన్ని మైల చేశాడని మనవాళ్లలో చెప్పారు. ఆయన ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఆదివారం ఆదివారం ఆ జీపును నాతో ఒకసారి స్టార్ట్ చేయించేవాడు. "పోయేది ఏడికి?" అంటే "ఎవలికన్న అవుసరం పడ్తది" అనేవాడు. పడింది కూడా. అన్న మనుమరాలికి పురుటి నొప్పులు వస్తే వానలో ఆటోలు దొరక్క, ఆ జీపే పోయింది. నేను ఊళ్లో లేకపోతే ఆయన ఇంకో డ్రైవరును పట్టుకొని పంపాడు. పంపింది ఎవరో అన్నకు చెప్పొద్దని డ్రైవరుకు చెప్పాడు. నేను చెబుతున్నాను.

బుధవారం పీనుగ లేచేటప్పుడు అన్న ఇంటివాళ్లు సందు మలుపు దాకా వచ్చారు. అక్కడే నిలబడ్డారు. పాడె ముట్టలేదు, నీళ్లు పోయలేదు. మా వియ్యపురాలు చూసింది. ఏడుపు ఆపి మరీ చూసింది. ఆయన మైల మనిషిగా పోయాడని పది మందిలో తేలిపోయినట్టు అయింది. కర్మ నాడు కూడా మీరు రాకపోతే అదే ఖాయమైపోతుంది. ఆయన మనుమలు, అంటే నా మనుమలు కూడా, ఆ మాట మోయాలి.

అందుకని అడుగుతున్నాను. అన్నా, మొక్కింది నువ్వు. మొక్కు ఎవరి పేరు మీద? నా భార్య పేరు మీద. తూచింది ఆమెను. ఎక్కడ పెట్టాలో చెప్పింది ఆమె. ఆమె ఇప్పుడు మంచం మీద కూర్చుని ఉంది, వచ్చి ఆమెనే అడుగు. తల్లి ఆ బంగారాన్ని వద్దని తోసేసిందా? ఆమె ఇంకా బతికే ఉంది కదా. నా తాళం సంగతి నేను ఆయనతో పైన తేల్చుకుంటాను. నీ సంగతి ఇక్కడ తేల్చు.

కర్మ ఆదివారం. నిన్న మా వియ్యపురాలు చాటలో బియ్యం పోసుకొని వాకిట్లో కూర్చుంది. "ఎందరికి వండాలె అన్నా?" అని నన్ను అడిగింది. ఏరిన బియ్యాన్నే మళ్లీ మొదటి నుంచి ఏరుతోంది. మేడిపల్లి వాళ్లు, నారపల్లి వాళ్లు విస్తరి ముందు కూర్చుంటారా, కూర్చోరా? శనివారం పొద్దుగూకేలోపు ఆమెకు చెప్పండి. నాకు కాదు, ఆమెకు.