గోడలు లేని గురువుగారు

వన్ టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ కొట్టు నడిపే బసవపున్నయ్యని చూసి ఎవరూ ఏమీ అనుకోరు. అలా ఎవరూ ఏమీ అనుకోకుండా ఉండటానికి ఆయన చాలా కష్టపడ్డాడు. కొట్టు బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయి ఏళ్ళయింది. రంగు వేయించమని పక్క కొట్టువాళ్ళు ఎంత పోరినా వేయించడు. చవితికీ దసరాకీ చందాలవాళ్ళు వీధిలోకి దిగితే, ముందు ఆ బోర్డు చూసి, తర్వాత ఆయన చొక్కా చూసి, "పాపం, ఈయన్నేం అడుగుతాంలే" అని ముందుకు వెళ్ళిపోతారు. వెనక గోడౌన్‌లో మాత్రం కందిపప్పు బస్తాలు పైకప్పును తాకుతుంటాయి.

దీన్ని పిసినారితనం అనుకుంటే ఆయనకి అన్యాయం చేసినట్టే. ఇది విద్య. తండ్రి రత్తయ్య దగ్గర నేర్చుకున్నది. రత్తయ్య ధాన్యం కొనేవాడు. కోతలై పొలాల్లో వరికుప్పలు లేచే రోజుల్లో గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. కుప్ప చుట్టూ ఒక్కసారి నడిచొచ్చేసరికి, నూరిస్తే ఎన్ని బస్తాలు దిగుతాయో ఆయన కంటికి తెలిసిపోయేది. నోరు మాత్రం వేరే కూత కూసేది. "ఏముందండీ ఇందులో, సగం తాలేగా" అని పెదవి విరిచేవాడు. కన్ను చూసిందంతా నోరు చెప్పేస్తే బేరం రైతు చేతికి పోతుందని కొడుక్కి నూరిపోశాడు.

తర్వాత మిషన్ కోతలొచ్చాయి. పొలంలో కుప్పలే లేకుండా పోయాయి. బసవపున్నయ్య కంటికి పని పోయింది గానీ నోటికి అలవాటు పోలేదు. కూతురు సాయిశ్రీ ఇంటర్‌లో కాలేజీ ఫస్టు వస్తే "పర్లేదు" అన్నాడు. భార్య రామతులసి గుత్తొంకాయ వండిన రోజున మూడోసారి అన్నం కలుపుకుంటూ కూడా "పర్లేదు" అనే అన్నాడు. అసలు పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయిని చూడగానే ఆయనకి నోట మాట రాలేదు. బయటికొచ్చాక అక్క "ఏరా, ఎలా ఉంది?" అని అడిగితే, బేరం చెడిపోతుందేమోనని "పర్లేదు" అన్నాడు. కిటికీ అవతల ఉన్న రామతులసి చెవిన ఆ మాట పడింది. పెళ్ళయ్యాక ఆవిడే ఒకసారి నవ్వుతూ చెప్పింది. ఆయనా నవ్వేశాడు. ఆవిడ మర్చిపోయిందనే ఆయన అంచనా.

పని పోయిన కంటికి మళ్ళీ పని దొరికింది పచ్చకామెర్ల పుణ్యమా అని. నెలరోజులు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. మంగళగిరిలో ఉద్యోగం చేసే సాయిశ్రీ, ఆయన సణుగుడు భరించలేక ఫోన్‌లో ఒక గేమ్ వేసిచ్చింది. అందులో ఎవరి కోట వాళ్ళు కట్టుకోవాలి. దాన్ని బేస్ అంటారు. పదిహేనుమంది కలిసి క్లాన్‌గా ఏర్పడి, ఇంకో క్లాన్ మీదికి యుద్ధానికి వెళ్ళాలి. ఎవరి మీదికి వెళ్ళాలో మనం తేల్చుకోవడానికి లేదు. గేమే ప్రతి బేస్‌నీ చూసి ఇంత బలం అని ఒక బరువు కడుతుంది. పదిహేను బరువులూ కూడి, సరిగ్గా అంత బరువు తూగే క్లాన్‌ని వెతికి తెచ్చి ఎదురు నిలబెడుతుంది. ఆ బరువు ఎలా కడుతుందో కంపెనీవాడు చచ్చినా చెప్పడు.

ఆ మాట వినగానే బసవపున్నయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. "అంటే వాడూ కుప్పలు చూసేవాడే అన్నమాట" అన్నాడు.

కామెర్లు తగ్గేలోపు ఆయనకి కిటుకు దొరికిపోయింది. గేమ్ కంటికి గోడలూ బురుజులూ ఫిరంగులూ బాగా ఆనుతాయి. సైన్యం అంతగా ఆనదు. కాబట్టి గోడల జోలికి పోకుండా సైన్యాన్ని మాత్రం మేపుకుంటూ పోతే, గేమ్ మనల్ని బక్కప్రాణులని లెక్కేసి, నిజంగా బక్కప్రాణులైనవాళ్ళనే మన ముందుకు తోస్తుంది. ఇంకేముంది, చితక్కొట్టడమే. ఏ బేస్ చూపించినా సరే, ఒక్క చూపు చూసి "ఇది ఇంత తూగుద్ది" అని చెప్పేవాడు. యుద్ధం కుదిరాక చూస్తే మాట తప్పేది కాదు.

ఆయన క్లాన్ పేరు కరకట్ట కింగ్స్. పేరులోనే కరకట్ట. ఆ రాజుల్లో ఒక్కడి కోటకీ మోకాలెత్తు గోడ లేదు. కొట్లవాళ్ళు, ఇద్దరు ఆటోవాళ్ళు, గుణదలలో ఉత్సవాలకి మైకు సెట్లూ లైట్లూ కట్టే బెన్నీ, అందరూ ఆయన్ని "గురువుగారూ" అని పిలిచేవాళ్ళు. వరసపెట్టి గెలుస్తూనే ఉన్నారు. ఎదుటి క్లాన్లలో ఉన్నది ఎక్కువగా అయిదో క్లాసూ ఆరో క్లాసూ పిల్లలని వాళ్ళ మెసేజీలు చూస్తేనే తెలుస్తుంది. ఓడిపోయాక ఏడుపు బొమ్మలు పెట్టేవాళ్ళు. గురువుగారికి అవేం పట్టేవి కావు. జీవితంలో మొదటిసారి పదిమంది ఆయన మాట కోసం ఎదురుచూస్తున్నారు. అది ఆయనకి కామెర్ల మందు కంటే బాగా పనిచేసింది.

ఒకసారి ఆటోవాడొకడు ఆట మానేసి వెళ్ళిపోతే పదిహేనులో ఒకటి తగ్గింది. అంకె నిండటానికి ఆయన రామతులసి ఫోన్‌లో గేమ్ వేసి క్లాన్‌లో చేర్చాడు.

"నువ్వేం ముట్టుకోకు. ఊరికే ఉంటే చాలు" అన్నాడు.

ఊరికే ఉండటం ఆవిడకి రాదు. ఆవిడది నాగాయలంక వైపు ఊరు. కృష్ణ పొంగితే ముందు మునిగేది వాళ్ళ పొలమే. అక్కడ పుట్టినవాళ్ళు నేల కనబడితే ముందు గట్టు వేస్తారు, తర్వాతే మిగతాదేమైనా. మధ్యాహ్నాలు ఆయన కొట్లో ఉండగా, ఆవిడ భోజనం చేసి, ఫ్యాన్ కింద కూర్చుని, గోడ మీద గోడ లేపుకుంటూ పోయింది. నీళ్ళు ఎటునుంచి తోసుకొస్తాయో వాళ్ళ నాన్న కట్ట మీద నిలబడి చూసినట్టే, శత్రువు ఎటునుంచి వస్తాడో చూసుకుని అక్కడ మలుపులు తిప్పింది. ఒక గోడ తెగితే వెనక ఇంకో గోడ, దాని వెనక బురుజు. నెలలు గడిచాయి. అంకె కోసం చేర్చిన మనిషి బేస్‌ని ఎవరు తెరిచి చూస్తారు? గురువుగారూ చూడలేదు. ఇంట్లో ఉన్న కుప్పకి అంచనా కట్టడం ఆయన తండ్రి నేర్పలేదు.

ఒక ఆదివారం పొద్దున బెన్నీ ఫోన్ చేశాడు. "గురువుగారూ, కొంప మునిగింది. ఈసారి మనకెదురు ఎవరు పడ్డారో చూశారా? ఒక్కొక్కడూ కొండలా ఉన్నాడండీ. మన బరువు ఇంతెలా పెరిగింది?"

ఒక్కొక్క బేస్ తెరుచుకుంటూ వెళ్ళి, చివరికి ఆయన రామతులసి బేస్ దగ్గర ఆగాడు. వంటింట్లో ఆవిడ దోసెలు పోస్తోంది. ఆయన చూపు ఆ గోడల చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. ఇన్నాళ్ళలో ఇంత చక్కని బేస్ ఆయన చూడలేదు. ఎక్కడా వంక లేదు. నిజంగా గర్వపడ్డాడు. గుండె నిండిపోయింది.

"ఏంటే ఈ పిచ్చి గోడలు! అన్నీ దండగ" అన్నాడు.

రామతులసి అట్లకాడ పట్టుకుని వంటింటి గుమ్మంలోకొచ్చింది. "దండగేంటండీ? బాగా లేవా?"

"పర్లేదు. కానీ మనకెందుకివి?"

ఆవిడ దోసె తిరగెయ్యడానికి లోపలికి వెళ్ళింది.

యుద్ధంలో కరకట్ట కింగ్స్ కొట్టుకుపోయారు. గోడల్లేని కోటలు ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి. రామతులసి బేస్ ఒక్కటే పడలేదు. అవతలివాళ్ళు ముగ్గురు వచ్చారు, చివరికి వాళ్ళ నాయకుడే వచ్చాడు. రెండో మలుపు దాటి ఒక్కడూ లోపలికి రాలేకపోయాడు. గెలిచినవాళ్ళు గెలిచిన సంగతి వదిలేసి దాని గురించే మాట్లాడుకున్నారు. ఇటు ఓడినవాళ్ళూ దాని గురించే మాట్లాడారు, ఇంకోరకంగా. "అక్కగారి గోడల వల్లే కదండీ ఇదంతా" అని గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు రాశారు. అందరూ గురువుగారి మాట కోసం ఎదురుచూశారు. తప్పు గోడలది కాదని ఆయనకి తెలుసు. ఆ మాట చెబితే గురుపీఠం కదులుతుందని కూడా తెలుసు. ఆవిడ కాఫీ తెచ్చి చేతికిస్తుండగా, రెండో చేత్తో మీట నొక్కి ఆవిడని క్లాన్‌లోంచి తీసేశాడు. మొగుడన్నవాడు చేసే పని కాదు అది. కాఫీ మాత్రం తాగాడు.

రెండ్రోజుల తర్వాత ఆవిడకి ఒక ఆహ్వానం వచ్చింది. ఓడించినవాళ్ళే పిలిచారు. ఇంటికొచ్చిన సాయిశ్రీ అది చదివి వినిపిస్తే, ఆవిడ "సరేనని రాయవే" అంది.

"వాళ్ళలో చేరతావా?" అన్నాడు బసవపున్నయ్య, నమ్మలేక.

"మీరు తీసేశారుగా. వాళ్ళు రమ్మన్నారు."

అక్కణ్ణించి ఇంట్లో మధ్యాహ్నాల రూపే మారిపోయింది. ఆవిడ ఫోన్ మోగుతూనే ఉండేది. ఎక్కడెక్కడివాళ్ళో "తులసి మేడమ్, తులసి మేడమ్" అంటూ గోడలు ఎలా తిప్పాలని అడిగేవాళ్ళు. ఆవిడ సగం తెలుగూ సగం హిందీలో, నీళ్ళూ గట్లూ పోలికగా చెప్పి వాళ్ళకి నేర్పేది. భోజనానికొచ్చిన బసవపున్నయ్య హాల్లో కూర్చుని వింటూ ఉండేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అంత గట్టిగా నవ్వడం ఆయన వినలేదు. బయటివాళ్ళతో అలా నవ్వుతోందని కాదు ఆయన బాధ. తనతో అలా ఎప్పుడూ ఎందుకు నవ్వలేదో తెలియడమే బాధ.

ఆయన మళ్ళీ పిల్లల మీద గెలుస్తూనే ఉన్నాడు. గెలుపు చప్పబడిపోయింది. ఎప్పుడో ఒకప్పుడు గేమ్ తనకి ఎదురుగా ఆవిడ క్లాన్‌నే తెచ్చి నిలబెడుతుందనీ, అప్పుడు ఆ గోడల ముందు నిలబడి ఓడిపోవచ్చనీ ఆయనకి ఆశ పుట్టింది. ఓడిపోతే ఆ గోడలు బాగున్నాయని ఇంక చెప్పక తప్పదు కదా. వారాలు గడిచినా ఆ జోడీ కుదరలేదు. బెన్నీని అడిగితే వాడు పగలబడి నవ్వాడు.

"వాళ్ళ బరువెక్కడ, మన బరువెక్కడ గురువుగారూ! వాళ్ళు వెతికినా మనం కనబడమండీ. మీరేగా అలా చేశారు?"

తక్కువగా కనబడటానికే బతుకంతా కష్టపడ్డ మనిషికి ఆ మాట ముల్లులా దిగింది. ఆ సాయంత్రం కొట్టు కట్టేశాక కూడా కుర్చీలోంచి లేవలేదు. తర్వాత ఫోన్ తీసి మొదటి గోడ కట్టాడు.

ఆ తర్వాత కడుతూనే పోయాడు. గిరాకీ లేనప్పుడల్లా గోడలే. ఆయనకి గట్లు వేసిన చెయ్యి లేదు. కట్టింది నచ్చక పడగొట్టి మళ్ళీ కట్టేవాడు. కింగ్స్‌కి గట్టివాళ్ళు ఎదురుపడసాగారు. ఒక యుద్ధం పోయింది, ఇంకోటి పోయింది. ఒకరోజు బెన్నీ స్వయంగా కొట్టుకొచ్చి, బల్ల మీద కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"ఏమనుకోకండి గురువుగారూ. అందరూ అనుకున్నదే చెబుతున్నా. మీ గోడల వల్ల... కొన్నాళ్ళు మీరు బయటుంటే బాగుంటుందని."

బసవపున్నయ్య తలూపాడు. ఈ సూత్రం రాసిచ్చింది తనే. బెన్నీకి టీ తెప్పించి, వాడు తాగుతుండగానే తనని క్లాన్‌లోంచి తీసెయ్యమన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన తన ఫోన్ తీసుకెళ్ళి రామతులసి పక్కన కూర్చున్నాడు. కొత్తవాళ్ళని తీసుకునే పని ఇప్పుడు ఆ క్లాన్‌లో ఆవిడదే.

"నీ గోడలు చాలా బాగున్నాయి తులసీ" అన్నాడు.

ఆవిడ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. "ఎప్పుడు తెలిసింది?" అంది.

"చూసిన రోజే."

"మరి చెప్పలేదేం?"

ఆయన తన ఫోన్ ఆవిడ చేతికిచ్చి, "నేనూ కట్టాను. మీ క్లాన్‌లో చోటుంటే..." అని ఆగిపోయాడు.

రామతులసి కళ్ళజోడు పెట్టుకుంది. ఆ బేస్ చుట్టూ ఆవిడ చూపు మెల్లగా తిరిగింది. ఒక మలుపు దగ్గర ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ తిరిగింది. బసవపున్నయ్య ఆవిడ మొహమే చూస్తున్నాడు. అచ్చం తన తండ్రి రత్తయ్య ఎదుట కుప్ప పక్కన చేతులు కట్టుకుని నిలబడిన రైతుల్లాగే ఉన్నాడు. ఆవిడ మొహంలో ఆయనకేమీ దొరకలేదు.

ఆవిడ ఫోన్ తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"పర్లేదు" అంది. "అప్లికేషన్ పెట్టండి, చూద్దాం."

కళ్ళజోడు తీసి, ఎంగిలి కంచాలు రెండూ ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుప్పని చూసి బస్తాలు చెప్పగల బసవపున్నయ్య, ఆ ఒక్క మాట వెనక ఎంతుందో ఎటూ తేల్చుకోలేక, ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.