మా రాజీ తిలాపియాల మేత కోసం టోలిచౌకి, ఎర్రగడ్డ తిరిగొచ్చిన రోజు

చేపల మేత కోసం వెళ్లడం కూడా ఒక ప్రయాణమేనా అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, ఫర్వాలేదు. నేను సినిమా సెట్లు వేసే వడ్రంగిని. షూటింగుల పేరు చెప్పి అరకు చూశాను, ఊటీ చూశాను, రాజస్థాన్ ఎడారి కూడా చూశాను. అయినా ఫిల్మ్‌నగర్ నుంచి ఎర్రగడ్డ దాకా ఆటోలో వెళ్లొచ్చిన ఆ రోజు ఇచ్చిన సంతోషం వాటిలో ఏదీ ఇవ్వలేదు. ఇంట్లో తొట్టి పెట్టి తిలాపియా పెంచుదామనుకునే వాళ్లకు మేత సంగతులు పనికొస్తాయి, నాకేమో ఆ రోజును మళ్లీ ఒకసారి తలుచుకున్నట్టు ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మాట. ఫిల్మ్‌నగర్‌లో ఒక పెద్ద బంగళా వెనక రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. మా అమ్మాయి రాజేశ్వరి, అంటే మా రాజీ, సినిమాల్లో గ్రూప్ డాన్సర్. ఒక పాట రిహార్సల్లో మోకాలు మెలిపడింది. కొంచెం కుంటు మిగిలినా కాలు నయమైంది గానీ, పిల్ల మాత్రం గది వదలలేదు. కృష్ణానగర్ నుంచి స్నేహితురాళ్లు వస్తే నిద్రపోయినట్టు పడుకునేది. నెలల తరబడి అంతే. అప్పుడు మా బావమరిది పాలకొల్లు నుంచి వస్తూ క్యానులో తిలాపియా పిల్లలు తెచ్చాడు. బంగళా కట్టినప్పుడు వాడి వదిలేసిన సిమెంటు తొట్టి ఉంటే అందులో వదిలాం. మర్నాడు తెల్లవారేసరికి రాజీ ఆ తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది! ఆ చేపలతో మాట్లాడేది. మాతో కూడా ఒకటి రెండు మాటలు మొదలుపెట్టింది. మా ఆవిడ దేవుడికి కొబ్బరికాయలు కొట్టీ కొట్టీ అలిసిపోయింది.

మా వీధి అంతా సినిమావాళ్లే. షూటింగ్ భోజనాలు వండే సత్యం గారిది కాకినాడ. మా అందరికీ బాబాయి. తినే నోరు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. మధ్యాహ్నం మిగిలిన పులిహోర, బిర్యానీ అన్నం గిన్నెతో తెచ్చి "తినండర్రా, మొహమాటపడకండి" అంటూ తొట్టిలో వేసేవాడు. మేకప్ అతను బిస్కెట్లు, ఇస్త్రీ ఆవిడ అటుకులు. పెద్దవాళ్లు పెడుతుంటే వద్దనడం మా ఇళ్లలో అలవాటు లేదు. నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది, వాసన వచ్చింది. ఒక శనివారం పొద్దున చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. రెండు చచ్చిపోయాయి. రాజీ వాటిని అరచేతిలో పెట్టుకుని, "ఇవి కూడా పోతే ఇంక నన్ను బయటికి పిలవకండి నాన్నా" అంది.

ముందు సగం నీళ్లు తోడి కొత్త నీళ్లు పోశాం. పైనుంచి ధారగా పోస్తే నీళ్లలోకి గాలి చేరుతుంది, అది గుర్తుంచుకోండి. తర్వాత నేను చెప్పులు వేసుకుని, మంచి మేత ఏదో కనుక్కొస్తానన్నాను. రాజీ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీకు తవుడుకీ రంపప్పొట్టుకీ తేడా తెలీదు. ఉండు, నేనూ వస్తా." మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. పిల్ల మనసు మార్చుకునేలోపు నేను ఆటో కోసం వీధిలోకి పరుగెత్తాను.

ఎనిమిది దాటాక ఆటో దొరికింది. మధ్యాహ్నం దాకా తిప్పడానికి ఎనభై రూపాయలకు ఒప్పుకున్నాడు డ్రైవర్ యాదగిరి. "చేపల దాణాకా? గీ జూబ్లీహిల్స్‌ల కుక్కలకు ఏసీ ఉంటదని విన్న గానీ, చేపలకు ఆటో గిట్ల కట్టుడు ఇదే చూసుడు పెద్దాయనా!" అన్నాడు. రాజీ నవ్వింది. ఎన్నాళ్లకు విన్నానో ఆ నవ్వు! షేక్‌పేట మీదుగా దిగితే టోలిచౌకి పావుగంట. అక్కడ తనకు తెలిసిన బర్రెల కొట్టం ఉందని, దాని పక్క గుంటలో బాతులు ఏదో పచ్చగా తింటుంటాయని యాదగిరే తీసుకెళ్లాడు.

కొట్టం యజమానురాలు ఎల్లవ్వ పేడకళ్లు తీస్తూ మమ్మల్ని చూసింది. గుంట నిండా పెసరబద్దంత ఆకులు, చాప పరిచినట్టు తేలుతున్నాయి. ఇంగ్లీషులో డక్‌వీడ్ అంటారు, తిలాపియాలకు అదంటే ప్రాణం. "గదా? తీస్కపోండ్రి. మా బాతులు తినంగ మిగిలిందే," అంది. నేను పంచె ఎగ్గట్టేలోపు రాజీ చీర కుచ్చిళ్లు దోపుకుని గుంటలో దిగేసింది. కాలు జాగ్రత్తమ్మా అని నా నోటి దాకా వచ్చింది, మింగేశాను. ఎల్లవ్వ మాత్రం ఊరుకోలేదు. "జర పైలం బిడ్డా, అడుగున బురద ఉంటది. కాలెందుకు గట్ల ఈడుస్తున్నవ్?" అని అడిగేసింది. ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. రాజీ వంగి ఆకు దేవుతూనే, "డాన్స్ చేస్తుంటే దెబ్బ తగిలిందవ్వా," అంది. "తగిలితే తగిలె. ఇప్పుడు నడుస్తున్నవు గదా!" అంది ఎల్లవ్వ. అంతే. ఆటోలో తెచ్చుకున్న రెండు బకెట్లూ నిండాయి.

వెళ్తుంటే ఎల్లవ్వ ఇంకో ఉపాయం చెప్పింది. పాత కుండలో తడిపిన పేడ, గోనెపీచు కుక్కి నేల మీద బోర్లిస్తే, తెల్లారేసరికి చెదలు పడతాయట. కోడిపిల్లలకు అవే వేస్తారట, చేపపిల్లలూ ఎగబడి తింటాయంది. ముప్పై ఏళ్లు చెదలతో యుద్ధం చేసిన వడ్రంగిని, ఇప్పుడు వాటిని పిలిచి కూర్చోబెట్టాలా! రాజీ ఆటోలో దారంతా దాని మీదే ఏడిపించింది. "నాన్న చెదలకి ఆహ్వాన పత్రికలు వేయిస్తాడు, యాదగిరన్నా."

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా ఎక్కి, కృష్ణానగర్ దిగి, యూసుఫ్‌గూడ మీదుగా ఎర్రగడ్డ చేరేసరికి పదకొండు. కృష్ణానగర్ సందుల దగ్గర రాజీ తల వంచుకుంటుందేమో అనుకున్నాను. వంచుకోలేదు, బకెట్లోంచి నీళ్లు ఒలకకుండా పట్టుకోవడంలో మునిగిపోయింది. ఎర్రగడ్డ మార్కెట్ పక్కన దాణా కొట్లో సన్న తవుడు, గానుగలో నూనె తీశాక మిగిలే పల్లి చెక్క తీసుకున్నాం. చెక్కను ముందురోజు నానబెట్టి, రెండింతల తవుడు కలిపి ముద్ద చేయాలి. ముద్దను పళ్లెంలో పెట్టి తాడుతో నీళ్లలోకి దించాలి, కాసేపటికి పైకి తీసి మిగిలింది పారేయాలి. కొట్టు సేటు తూకం వేస్తూ, "వారంల ఒక్క దినం ఏం పెట్టకుండ్రి. ఉపాసం ఉంచుండ్రి, మంచిగుంటయ్," అన్నాడు. రాజీ ఆ మాటకు ఆగి, తనలో తాను నవ్వుకుంది.

ఇంటికొచ్చి, తెచ్చిన ఆకును ఉప్పునీళ్లలో జాడించాం. నత్తలు, జలగలు వస్తాయి కాబట్టి ఆ పని మానకండి. ఇంతలో సత్యం బాబాయి గిన్నె, గరిటతో ప్రత్యక్షం. ఘుమఘుమలాడే బిర్యానీ. నేను రాజీ వైపు చూశాను. ఈయన్ని ఆపకపోతే పొద్దుటి నుంచి తిరిగిందంతా వృథా. వద్దంటే మనిషి నొచ్చుకుంటాడు.

రాజీ లేచి చేతులు జోడించింది. "బాబాయి గారూ, ఇవాళ శనివారం కదండీ. మా చేపలు ఉపవాసం."

బాబాయి గరిట గాల్లో ఆగిపోయింది. "చేపలా?"

"వెంకన్నకి మొక్కుకున్నానండి, ఇవి బతికితే చాలని."

ఆ మనిషి తినమని ఎంత పట్టుబట్టేవాడైనా ఉపవాసం ఉన్నవాళ్లను మాత్రం బలవంతపెట్టడు. గిన్నె వెనక్కి తీసుకుని తొట్టికి దణ్ణం పెట్టాడు. "తప్పు తప్పు. నియమం చెడగొట్టకూడదమ్మా. మరి పారణ ఎప్పుడు?"

"రేపు పొద్దునండి, తవుడుతో."

"నేనే వచ్చి దగ్గరుండి చేయిస్తా," అన్నాడు. నిజంగానే వచ్చాడు! ఆ వారమంతా సోమవారం శివుడికని, గురువారం సాయిబాబాకని రాజీ ఏదో ఒక కారణం చెప్పింది. ఆ తర్వాత వీధిలో వాళ్లే "ఇవాళ తింటాయా అమ్మాయ్?" అని అడిగి పెట్టడం నేర్చుకున్నారు. నీళ్లు తేటపడ్డాయి. చేపలు అడుగుకు దిగి పచ్చాకు కోసం చివ్వున పైకొచ్చి, మళ్లీ మునిగేవి. తవుడు అయిపోయిన రోజు నేను చెప్పులు వెతుక్కుంటుంటే రాజీ సంచీ తీసుకుంది. "నువ్వుండు నాన్నా. వంద మెట్లున్నా ఎక్కేస్తాను, ఎర్రగడ్డ ఎంత! వస్తూ కృష్ణానగర్‌లో మా డాన్స్ పిల్లల్ని కూడా చూసొస్తా."

ఆ సాయంత్రం పొద్దుపోయాక వచ్చింది. మా ఆవిడ కోప్పడబోయి ఏడ్చేసింది. నేనైతే గట్టు మీద కూర్చుని చేపలకు థాంక్స్ చెప్పాను, ఎవరేమనుకున్నా సరే. పిల్లలను పైకి తేవడానికి పెద్ద పెద్ద మాటలు కావాలని అనుకుంటాం. మా పిల్లకు ఒక మురికిగుంట, ఎల్లవ్వ సూటి ప్రశ్న, తనే చూసుకోవలసిన కొన్ని నోళ్లు సరిపోయాయి. నేను పక్కన నడిచానంతే. ఆ నడక నాకు కాశీయాత్రతో సమానం.

మేత కోసం ఇలా వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మీ ఇంటి చుట్టూ కూడా సత్యం బాబాయి లాంటి చల్లని చేతులు ఉంటాయి. వాటిని ఖాళీగా ఉంచకండి. మునగ కొమ్మలు తెచ్చి వాళ్ల ముందు పెట్టి, ఆకు దూయించి, నీడలో ఆరబెట్టించి, నలిపించండి. ఆ పొడి చిటికెడు చిటికెడుగా తవుడు ముద్దలో కలిపితే చేపలకు బలం, పెట్టామన్న తృప్తి వాళ్లకు.