అప్ప పేరు మీద కేసు

కేసు మా తోటికోడలి పేరు మీద వేస్తామని లాయరమ్మ చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు.

కళింగపట్నం దగ్గర మావి పక్కపక్క ఇళ్లు, వెనక సరుగుడు తోట. ఏటేటా తుపాన్లు ముదిరి, సముద్రం ఆ తోటను కోసుకుంటూ వచ్చింది. బావిలో ఉప్పునీళ్లు పడ్డాయి. అంత జరుగుతున్నా తీరం మీద ఒక పెద్ద కట్టడం లేపడానికి అధికారులు అనుమతి ఇచ్చారు. ఆ కాగితాల్లో సముద్రం ముందుకొస్తున్న ఊసే లేదు. వాతావరణం మారి మా నేల పోవడమంటే మా జీవించే హక్కు పోవడమేనని వాదిస్తానన్నారు లాయరమ్మ. శ్రీకాకుళం వెళ్లి ఆవిడను వెతికి పట్టుకున్నది నేను. ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ఒప్పించింది నేను. కానీ సముద్రపు పోటుకు గోడ కూలింది మా అప్ప ఇంటిది. తోటికోడలిని నేను అక్కను పిలిచినట్టు అప్ప అనే పిలుస్తాను.

"నష్టం కళ్లకు కనబడాలమ్మా. ఆవిడే ముందుండాలి" అన్నారు లాయరమ్మ.

కూలకుండా నిలబడ్డ నా గోడను చూస్తే నాకు ఒళ్లు మండింది.

హైకోర్టుకు వెళ్లే అప్పను ఆమదాలవలసలో విజయవాడ రైలెక్కించడానికి నేనే వెళ్లాను. అప్ప నా కొత్త చీర అడిగి మరీ కట్టుకుంది.

"ఏటే, మొగం అలాగెట్టినావు?"

"ఏటీ నేదప్పా, తలనొప్పి."

తిరుగు ఆటోలో ఏడుపు ఆగలేదు.

అప్ప కోర్టు నుంచి వచ్చాక వాకిట్లో ఆడవాళ్లంతా చేరారు.

"జడ్జిగారు నన్నే అడిగినారు, నీకేటి కావాలమ్మా అని. సముద్రాన్ని ఆపమనట్లేదు బాబూ, అది వస్తాదని తెలిసినోలు మాకెందుకు సెప్పనేదో అడగండి అన్నాను."

అందరూ ఆహా అన్నారు. ఆ మాట నాది. గిన్నెలు తోముతూ నేను ఆమెతో అన్న మాట.

"అది నా మాట కదప్పా!" ఉండబట్టలేక అనేశాను.

"నీదేనే. అక్కడ నాకింకేటీ నోటికి రానేదు" అంది తడుముకోకుండా. దాంతో దెబ్బలాడ్డానికి కూడా లేకపోయింది.

సముద్రం ఎంతవరకు రాగలదో లెక్కగట్టేదాకా కట్టడం పని ఆపమని కోర్టు చెప్పింది. తుది తీర్పు ఇంకా రాలేదు. ఊరు సంబరపడింది, నేనూ పడ్డాను. కానీ ఎవరైనా "మీ అప్ప కేసు ఏమైందమ్మా?" అని అడిగితే ఇప్పటికీ లోపల కలుక్కుమంటుంది.

వచ్చే వాయిదాకు నేనూ వస్తానన్నాను.

"మీ అవసరం లేదమ్మా" అన్నారు లాయరమ్మ.

అయినా టికెట్టు తీయించుకున్నాను.