శ్రావణ శుక్రవారం, పన్నెండు గంటలకు

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి కారణం నాకు రాయడం రాకపోవడమే అని చెప్పుకుంటే సగం నిజమే అవుతుంది. అక్షరాలు నాకు యాభై నాలుగో ఏట వచ్చాయి. వచ్చిన కొత్తలో నా చేత్తో రాసి నలుగురికీ పంపిన మొదటి మాటే మా బిడ్డ పనికి చేటు తెచ్చింది, ఆ తర్వాత చాలాకాలం ఒక్క ముక్క రాయాలన్నా వేళ్లు ముడుచుకుపోయేవి. ఇవాళ పొద్దున పక్కింటి కోడలు గోడ మీదుగా తొంగిచూసి, "పెద్దమ్మా, ఇయ్యాల రాహుకాలం ఎప్పటిదాక ఉంది, జర చూసి చెప్పరాదు" అని అడిగింది. నాకు నోటికి వచ్చిన గంటలే అవి. అయినా తెల్వదు బిడ్డా అని అబద్ధమాడి లోపలికి వచ్చి, ఇక ఎన్నాళ్లని ఈ కాగితం ముందరేసుకున్నాను.

నేను పుట్టింది సిరిసిల్లలో, నేతవాళ్ల ఇంట్లో. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు. ఆ సాంచెల చప్పుడులో పెరిగినదాన్ని కాబట్టి నాకు ఇప్పటికీ మెల్లగా మాట్లాడడం రాదు. బడికి పోవలసిన వయసులో సాంచెలకు నూలు కండెలు చుట్టాను, పెండ్లయి కోరుట్ల వచ్చాక ముప్పై ఏండ్లు బీడీలు చుట్టాను. మా ఆయన పోయాక, హైదరాబాదు కొలువును ఇంటి నుంచే చేసుకునే వీలు దొరికి మా బిడ్డ నా దగ్గరికి వచ్చింది. పలకా బలపం ఏవీ లేకుండా, గోడ మీది క్యాలెండరు చూపించి నాకు అక్షరాలు నేర్పింది. ఎవరి సాయం లేకుండా నేను మొదట కూడబలుక్కొని చదివింది రాహుకాలం గడి. ఆనాటి నుంచి మా వాడకట్టులో ఎవరు కొత్త గాజులు వేసుకోవాలన్నా, బియ్యం బస్తా విప్పాలన్నా నన్నే అడిగేవాళ్లు, నేను కూడా చదువుకున్నదాన్ని కదా అని గొంతు సవరించుకొని మరీ చెప్పేదాన్ని.

మా బిడ్డ చేసే పని ఏమిటో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఫోన్లో దుకాణం వంటిది తెరుస్తారు కదా, వెబ్‌సైటు, దాని మీదికి జనం ఒక్కసారి ఎగబడితే తట్టుకుంటుందా లేదా అని తెరవకముందే చూడాలట. అందుకని ఆమె లేని మనుషులను వేలకొద్దీ పుట్టించి దాని మీదికి పంపుతుంది. ముందు కొద్దిమందిని, తర్వాత ఇంకొందరిని, అట్లా పెంచుకుంటూ పోయి అది ఎక్కడ ఆయాసపడుతుందో గీతల్లో చూస్తుంది. ఒకసారి పక్కన కూర్చుని, "గింతమంది ఎవలు బిడ్డా" అని అడిగితే, "ఎవలూ లేరే అమ్మా, అందరు ఉత్తగనే, నేనే పంపుతున్న" అంది. "నయం, అందరికి ఛాయ్ పెట్టుమంటవనుకున్న" అన్నాను, పడీపడీ నవ్వింది.

నాకు అది కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మనిషి పనిలాగే తోచింది. మేము గంపలో మంచి కట్టలు పైన పేర్చి, ఆకు సరిగ్గా లేనివి కింద పెట్టేవాళ్లం. ఆయన పైవాటిని ఎన్నడూ ముట్టేవాడు కాదు, నేరుగా గంప అడుక్కు చెయ్యి పెట్టేవాడు. మా చేతులను ఏండ్ల తరబడి చూసి నేర్చుకున్న తెలివి అది. ఈ ముచ్చట అప్పుడే మా బిడ్డకు చెప్పి ఉంటే ఆమెకేమైనా తట్టేదేమో, కానీ ఇంగ్లీషులో నడిచే పనికి బీడీల కథ ఎందుకని ఊరుకున్నాను.

మా అక్క సిరిసిల్లలోనే ఉంటుంది. మూడేండ్ల కిందట ఆమె, ఆమెతోటి పదిమంది ఆడవాళ్లు, షావుకారు ఇచ్చిన నూలుకు గుడ్డ నేసి ఇచ్చే బతుకు చాలనుకొని, తమకు నచ్చిన రంగుల్లో తామే చీరలు నేసి నడుమ ఎవరూ లేకుండా అమ్ముకుందామని తెగించారు. ఎండాకాలం నుంచి నేసిన చీరలన్నీ అక్క ఇంట్లో పేర్చి, శ్రావణమాసంలో ఒక శుక్రవారం పొద్దున పది గంటలకు వెబ్‌సైటు తెరవాలని పెట్టుకున్నారు. ఆ రోజు అవి అమ్ముడుపోతే మళ్లీ సొంతానికి నేస్తారు, పోకపోతే మళ్లీ షావుకారు గడప తొక్కాలి. ఆ వెబ్‌సైటును తయారుచేసి ఇచ్చింది మా బిడ్డ కంపెనీవాళ్లు, తట్టుకుంటుందని పరీక్ష చేసి కింద తన పేరు రాసి ఇచ్చింది మా బిడ్డ. "పెద్దమ్మా, నువ్వు రంది పడకు, నేను చూసుకుంట గద" అని అక్కకు ఫోన్లో ధైర్యం చెప్పడం నేను విన్నాను.

ఆమె పుట్టించిన మనుషులు పది గంటలకు గుంపుగా వచ్చి, ఆ తర్వాత పొద్దుందాకా కొందరు కొందరుగా వచ్చారు. చీరలు చూశారు, బుట్టలో వేసుకున్నారు, ఒకరు ముందు ఒకరు వెనుక తీరికగా కొన్నారు. గీతలన్నీ పచ్చగా వచ్చాయి. ఆ లేని మనుషులకు రాహుకాలం లేదు.

గురువారం నాడు, మా చుట్టాల ఆడవాళ్లంతా ఉన్న ఫోన్ గ్రూపులో నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను. రేపు పదిన్నర నుంచి రాహుకాలం, చీర ముందే ఏరుకొని బుట్టల ఏసి పెట్టుకోండ్రి, పన్నెండు కొట్టంగనే కొనుండ్రి అని. లక్ష్మీదేవి ఇంటికొచ్చే నాడు చీర మంచి గడియలో రావాలన్నదే నా ఆశ. జగిత్యాలలో, మేడిపల్లిలో ఉన్నవాళ్లు, భీవండి, సూరత్ పోయి స్థిరపడ్డవాళ్లు దాన్ని తమ తమ గ్రూపులకు పంపారు, వాళ్ల నుంచి ఇంకెవరికో పోయింది. సాయంత్రానికి నేను రాసిన మాటే, నాకు ముఖం తెలియని ఒకామె దగ్గరి నుంచి తిరిగి నా ఫోనుకే వచ్చింది. నా అక్షరాలు అంతదూరం నడిచి వచ్చాయని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

శుక్రవారం పదింటికి అంతా చల్లగా మొదలైంది. పదిన్నర తర్వాత చూసేవాళ్లే తప్ప కొనేవాళ్లు లేరు, మా బిడ్డ కొంచెం ఆశ్చర్యపడినా, మెల్లగా కొంటారులే అనుకుంది. నేను వంటింట్లో నా ఫోనులో ఒక చిలకాకుపచ్చ చీర బుట్టలో వేసుకొని గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. పన్నెండు కాగానే నొక్కాను. తెర మీద చిన్న చక్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంది. మళ్లీ నొక్కాను, ఇంకోసారి నొక్కాను, అట్లా నొక్కిన ప్రతిసారీ ఇంకో మనిషి వచ్చి తలుపు తట్టినట్టేనని నాకేం తెలుసు. ముందరి గదిలో కుర్చీ చప్పుడైంది. పోయి చూస్తే మా బిడ్డ తెర మీద గీత గోడలాగా నిట్టనిలువుగా లేచి నిలబడి ఉంది.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. "చెల్లే, భీవండి వదిన బుట్టలకెళ్లి చీర మాయమైందట. ఏందే గిది, నీ బిడ్డ చూసుకుంటనని చెప్పె గదనే." నేను ఏదో గొణిగి పెట్టేశాను. అటు హైదరాబాదు నుంచి మా బిడ్డకు పైన ఉండే సారు, మనుషులైతే ఒక్క నిమిషంలో ఇంతమంది రారు, ఎవరో కావాలని మీద పడుతున్నారు, వచ్చేవాళ్లందరినీ ఆపేయండి అని ఆర్డరు వేశాడు. వాళ్లు తలుపు మూసేశారు. మూసింది దొంగల మీద అనుకున్నారు, బయట నిలబడింది మావాళ్లు. నేను ఆ గది గడపలోనే ఉన్నాను, పన్నెండింటికి కొనమన్నది నేనే అన్న మాట నోటి దాకా వచ్చింది, నా బిడ్డ చెమటలు పట్టిన ముఖం చూసి మింగేశాను. అప్పుడు నోరు తెరిచి ఉంటే ఆ తలుపు అంతసేపు మూసి ఉండేది కాదు.

మూడింటికి మళ్లీ తెరిచారు, ఎవరూ రాలేదు. "లచ్చిందేవి దినం చేతికచ్చిన చీర జారిపాయె, ఇగ గా చీర నాకొద్దు" అని భీవండి వదిన అన్న మాటే ఎక్కడెక్కడివాళ్లూ అన్నారు, అపశకునమైన చీరను మావాళ్లు మళ్లీ ముట్టరు. ఇటు పైసారు ఇది దాడి అని కాగితం రాస్తామన్నాడు, అట్లా రాస్తే ఎవరి తప్పూ ఉండదట. కానీ దాడి అన్న మాట అక్క చెవిన పడేసరికి, తమ జట్టు నుంచి విడిపోయిన ఎదురింటి ఆమె మీద అనుమానం పెంచుకొని, పొద్దూకే లోపల ఆమెను వాకిట్లో నిలబెట్టి అడిగిందట. మా బిడ్డ అన్నం ముట్టకుండా ఆ నిలువు గీతనే చూస్తూ, "నేను పుట్టించిన మనుషులే తప్పు ఉన్నరా అమ్మా" అంది. నేను చెబితే దాడి కాదని తేలుతుంది, పరీక్ష తప్పయిందని నా బిడ్డ మెడకు చుట్టుకుంటుంది. చెప్పకపోతే సిరిసిల్లలో ఒక మంచి మనిషి దొంగవుతుంది. రెండు దిక్కులా నాకు దారి లేదు.

తర్వాత ఏం చేసినా ఆ చీరలు గట్టెక్కలేదు. దసరా దాకా అక్క ఇంట్లో ఉండి చివరికి షావుకారు దగ్గరికే పోయాయి, ఆ పదిమందిలో చాలామంది మళ్లీ ఆయన నూలే నేస్తున్నారు. నా చిన్నప్పుడు మా అమ్మ దగ్గర చీర కొనడానికి ఆడవాళ్లు మా ఇంటికే వచ్చేవాళ్లు. శ్రావణంలో రాహుకాలం దాటే దాకా అరుగు నిండా కూర్చునేవాళ్లు, అరుగు నిండింది కాబట్టే అమ్మ మంచినీళ్లు ఇచ్చి, నువ్వు ముందు రా, నువ్వు తర్వాత అని ఒక్కొక్కరిని లోపలికి పిలిచేది. ఇప్పుడూ అదే ఆడవాళ్లు, అదే గడియ, అదే భయభక్తులు. అరుగు ఒక్కటే లేదు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని నొక్కుతున్నాము, నా పక్కన ఇంకెందరు నిలబడ్డారో నాకు కనబడదు, లోపలున్న నా బిడ్డకూ కనబడదు.

ఆ శుక్రవారానికి మర్నాడు పొద్దున, దాడి అని కాగితం రాయడానికి పైసారు వాళ్లు తెర మీదికి వచ్చినప్పుడు, నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కొంగు నెత్తి మీదికి లాక్కొని, జర జరుగు బిడ్డా అని ఆమె కుర్చీలోనే సగం కూర్చున్నాను. తెరలో ఉన్న నలుగురూ నా దిక్కు చూశారు.

"నమస్తే సారూ, నేను దీని అమ్మను. నిన్న మీ దుకాణం మీద పడ్డది మేమే" అన్నాను.