తెల్ల రుమాలుకు అంటనిది

సారు పోయారని పొద్దున్నే ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను తిరుపతిలో మా కాలేజీ ఇంజన్ల ల్యాబు తాళం తీస్తున్నాను. చాలాసేపు లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. ఆ ల్యాబు ఆయనది. నన్ను అక్కడ విద్యార్థిగా చేర్చుకుని, మేష్టారిని చేసి వెళ్ళిన మనిషి.

ఆయన జేబులో ఎప్పుడూ రెండు రుమాళ్ళు ఉండేవి. ఒకటి ముఖానికి, ఒకటి పొగగొట్టానికి. ల్యాబులో పొగ కొలిచే యంత్రం ఉన్నా సరే, డీజిల్ బండి కనబడితే తెల్ల రుమాలు పట్టి చూడందే ఆయనకు తోచేది కాదు. అలిపిరి దగ్గర ఒక జీపు డ్రైవరు ఆయన్ని ఎవరో అధికారి అనుకుని దండం పెట్టాడు. సారు కూడా తిరిగి దండం పెట్టి, రుమాలు చూపించి, "ఫిల్టరు మార్సుకోప్పా" అన్నారు. ఆ రుమాళ్ళు ఉతకలేక ఆయన భార్య డీజిల్ కనిపెట్టినవాణ్ణి కూడా తిట్టేది.

ఆయన సొంతూరు చిత్తూరు పక్కన. మామిడి కాలంలో అక్కడి జ్యూస్ ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి, ఇంజన్లు ఆపకుండా గంటలకొద్దీ నిలబడతాయి. ఆ పొగకు ఊరంతా దగ్గుతుంది. ఫ్యాక్టరీ పారేసే టెంకల పప్పులోంచి నూనె తీసి, డీజిల్‌లో కలిపే మందు ఒకటి సారు తయారు చేశారు. కొద్దిగా కలిపితే చాలు, రుమాలు దాదాపు తెల్లగానే ఉండేది. ట్రాక్టర్లవాళ్ళంతా వాడసాగారు, ఊళ్ళో ఆయన పేరు మోగిపోయింది. శాలువా కూడా కప్పారు.

ఆ తర్వాత ల్యాబులో అసలు సంగతి తెలిసింది. మసి తగ్గింది నిజమే. అయితే ఇంజను లోపల మంట వేడెక్కి, కంటికి కనబడని నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగాయి. అవీ ఊపిరికి చేటే. ఊళ్ళో ఆయన మాటకున్న విలువ పోతుందేమోనని నా భయం. "అదీ తగ్గించాక చెబుదాం సార్" అన్నాను.

"అంతవరకూ వాళ్ళని ఊపిరి బిగబట్టుకోమందామా నాయనా?" అంటూ బస్సెక్కారు. నేనూ వెంట వెళ్ళాను.

ట్రాక్టర్ల మధ్య నిలబడి అందరికీ చెప్పారు. "నేను తొందరపడినానప్పా. రుమాలుకు అంటనిది ఒకటి ఉండాది. ఆ మందు ఆపండి."

"పొగే లేదు కదా సార్, ఇంగేం కావాల?" అన్నాడొక రైతు. "శాలువా కప్పించుకునేటప్పుడు తెలీలేదా?" అని వెనక ఎవరో నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. సారు మాత్రం, "తెలీలేదబ్బా" అన్నారు. "మందు సంగతి మళ్ళా సూస్తాము. నిలబడినంతసేపూ ఇంజను ఆపండి. ఆపినదాంట్లోనించి ఏ పొగా రాదు."

"ఆపితే మళ్ళా స్టార్ట్ కాదు సార్!"

వాళ్ళ బ్యాటరీలు అంత పాతవి. ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత ఏటా మామిడి కాలంలో సారు వెళ్ళేవారు. మొరాయించిన బండికి పక్క బండి బ్యాటరీ నుంచి కరెంటు అందించే తీగలు సంచిలో పెట్టుకుని, అదే మాట చెప్పేవారు. నేను ఆ మందు మీద ఇంకా పని చేస్తూనే ఉన్నాను. కొంత దారి దొరికింది, పూర్తిగా దొరకలేదు. దొరికినరోజు చూపించడానికి ఆయన ఉండరు.

సారు పోయిన రోజు సాయంత్రం ఆయన్ను ఊరికి తీసుకువెళ్ళిన బండిలో నేనూ ఉన్నాను. మళ్ళీ అదే కాలం, అదే బారు. మేము దగ్గరికి రాగానే చివరి ట్రాక్టరు ఇంజను ఆగింది. తర్వాత దాని ముందరిది, ఆ ముందరిది. ఫ్యాక్టరీ గేటు దాకా ఒక్కొక్కరే ఆపుకుంటూ పోయారు. నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళూ ఆ దారిలో డీజిల్ కంపే ఎరుగుదును. ఆ సాయంత్రం మొదటిసారి మామిడిపళ్ళ వాసన వేసింది.