ఎండ్రకాయ సినిమాకు పెట్టిన దురాయి

ఆ రోజుల్లో మా గూడూరులో సినిమా ఎక్కడ అయిపోయిందో తేల్చేది దర్శకుడు కాదు, గేటు దగ్గరుండే మనిషి. కథ ఒక కొలిక్కి వస్తోందనిపించగానే ఆయన గొళ్లెం లాగేవాడు. ఆ చప్పుడు వింటే చాలు, హాలు హాలంతా లేచేది. బస్సు పట్టుకోవాల్సినవాళ్లు లేచేవాళ్లు, స్టాండులో తమ బండి లోపలెక్కడో ఇరుక్కున్నవాళ్లు లేచేవాళ్లు, ఇల్లు ఎదురుగానే ఉండి ఏ తొందరా లేనివాళ్లు కూడా అందరూ లేచారు కదా అని లేచేవాళ్లు. తెరమీద పేర్లు పైకి పోతుంటే జనం బయటికి పోతుండేవాళ్లు. ఆపరేటరు కాసేపు చూసి, చూసేవాళ్లు లేని పేర్లకు కరెంటు ఎందుకని ఆపేసేవాడు. ఇందులో తప్పేమీ ఉన్నట్టు నాకూ తోచలేదు, మా అక్క పాట ఆ పేర్ల కింద పడేదాకా.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. మాది వాకాడు దాటిపోతే సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే ఊరు (మధ్యలో జిల్లాల గీతలు అటూ ఇటూ జరిపారు గానీ, మేమెప్పుడూ నెల్లూరోళ్లమే). నేను గూడూరులో ఒక దినపత్రికకు కొత్తగా విలేకరిగా చేరి, నిమ్మకాయల ధరలూ రైలు గేటు దగ్గర ఇబ్బందులూ రాసుకుంటూ, దేశం నా మీదే నడుస్తున్నట్టు జేబులో రెండు పెన్నులు పెట్టుకుని తిరిగేవాణ్ని. అక్క మద్రాసులో కోరస్ పాడేది. హీరో కొండమీద గంతులేస్తుంటే వెనకనుంచి ఓ గుంపు 'ఓహో' అంటుందే, ఆ గుంపులో ఒకతె. ఆ పాటలు మా ఊళ్లో ఎవరి ఫోన్లో మోగినా, "ఇందులో నీ కూతురు యాడుండాది కాపూ?" అని పెదనాయనను అడిగేవాళ్లు. (మా చేపల ఊళ్లలో ఊరిపెద్దను కాపు అంటారు. కులం పేరనుకునేరు.) అందరికంటే ముందు అడిగేది ఐసు మామ. పడవలకు ఐసు గడ్డలు తోలేవాడు కాబట్టి ఆ పేరు. "మద్రాసులో ఏం పాడతాదో ఏమో, మనకైతే గాలి చప్పుడే వినపడతాది" అనేవాడు. పెదనాయన తలొంచుకుని వల బాగుచేసుకుంటూ కూర్చునేవాడు. ఆయనకూ మనసులో ఆ అనుమానమే ఉందని నాకు తెలుసు, అక్కకు ఇంకా బాగా తెలుసు.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడా, ఒక్కదాన్నే పాడినా రా. పూర్తి పాట."

"ఏ హీరోయిన్‌కి?"

"ఎండ్రకాయకి."

అది విదేశాల్లో తీసిన బొమ్మల సినిమా. ఒక ఎండ్రకాయ సముద్రం మీద అలిగి పట్నం పోయి, నానా అగచాట్లూ పడి తిరిగొస్తుంది. దాన్ని తెలుగులోకి మారుస్తున్నారు. ఇలాంటి సినిమాల చివర, కథతో పెద్దగా సంబంధం లేకుండా, డ్రమ్ములూ గిటార్లూ వేసి ఒక హుషారు పాట పెడతారట. దానికి కొత్త గొంతు కావాలని అక్కను పిలిచారు. "మైకు ముందర 'కొంచెం పక్కకి జరుగమ్మా' అనేవాళ్లు ఒక్కరు కూడా లేరు రా" అని మురిసిపోయింది.

"పాట ఏ చోట వస్తాది అక్కా?"

"పేర్లు పడతాయే, అక్కడ."

నాకు గేటు గొళ్లెం చప్పుడు గుర్తొచ్చింది.

"తెలుసులే. నా పాట మొదలుకాగానే హాలంతా లేచి నిలబడతాది. ఇంకే గాయనికుండాది అంత మర్యాద?" అంది అక్కే.

నేను వార్త రాశాను. నిమ్మకాయల ధర కింద, మూడు వేళ్ల వెడల్పున వచ్చింది. ఊళ్లో దాన్ని చదివించుకుని, ఆదివారం మ్యాట్నీకి ఊరంతా గూడూరు పోవాలని పెదనాయన తేల్చేశాడు. ఐసు మామ తన వ్యాను ఇస్తానన్నాడు. ఉపకారానికి కాదు, పాట లేకపోతే చూసి నవ్వడానికి.

సినిమా శుక్రవారం వచ్చింది. అక్క మద్రాసునుంచి రైల్లో దిగింది, ఇద్దరం మొదటాట చూశాం. ఎండ్రకాయ ఇల్లు చేరింది. గొళ్లెం చప్పుడైంది. పిల్లల్ని చంకనేసుకుని తల్లులు లేచారు. డ్రమ్ముమీద రెండు దెబ్బలు పడ్డాయి, అక్క నా చెయ్యి పట్టుకుంది. గొంతు మొదలయ్యే లోపల తెర తెల్లబడి లైట్లు వెలిగాయి.

నేను విలేకరినన్న సంగతి గుర్తుచేస్తూ మేనేజరు గదికి పోయాను. ఆయన మర్యాదగా కుర్చీ చూపించాడు.

"పేర్లు చూసేదానికి ఎవరొస్తారు సార్? మీరు చెప్పండి. హాలు ఊడ్చాల, పాప్‌కార్న్ అంతా ఎత్తాల, మళ్లీ ఆట వేయాల. జనం లేస్తారు, మేము ఆపుతాం. జనం కూర్చుంటే మాకేం బాధ?"

బయటికొచ్చాక అక్క నన్ను పక్కకి లాగింది. "నాయనను రావద్దని చెప్పు. ఊరంతా వచ్చి, లేని పాటకోసం చూసి పోయినారంటే ఇంక నేను పాడతానని ఆయన కూడా నమ్మడు. నమ్మని ఇంటికి నేనేం ముఖం పెట్టుకుని వచ్చేది?" అంది.

శనివారం ఊరికి పోయి జరిగింది చెప్పాను. పెదనాయన వల పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు.

"జనం లేస్తారు కాబట్టి వాళ్లు ఆపుతారు. అంతేనా?"

"అంతే పెదనాయనా."

"జనం లేవకపోతే?"

"లేవకుండా ఎట్లుంటారు? అలవాటు."

"అలవాటు సంగతి మేము చూసుకుంటాం" అని, మిగతా కాపులను పిలవమని మనిషిని పంపాడు.

దురాయి గురించి బయటివాళ్లకు చెప్పాలి. ఊరి కాపులు కూర్చుని, ఫలానా రోజు ఎవరూ వేటకు పోకూడదని ఒక కట్టుబాటు చాటిస్తే అది దురాయి. మళ్లీ వాళ్లు ఎత్తేదాకా, సముద్రంలో బంగారం తేలినా ఒక్క పడవ కదలదు. మీరితే తప్పు కట్టాలి, ఊళ్లో మాటా మంచీ ఉండదు. పత్రికలవాళ్లం దాని గురించి మంచి మాట రాసింది తక్కువ, నేనూ రాయలేదు. ఆ సాయంత్రం మాత్రం చాటింపు వింటూ నేను పెన్ను జేబులోంచి తీయలేదు. 'సినిమా హాల్లో ఆఖరి పేరు పడేదాకా మన ఊరి మనిషి ఎవరూ కుర్చీలోంచి లేవకూడదు, దురాయి' అని చాటించారు. సముద్రానికి తప్ప ఇంకెక్కడా దురాయి పెట్టిన ఊరు మాది కాదు. కుర్చీలకు పెట్టడం అదే మొదలు.

ఆదివారం వ్యాను రెండు విడతలు తిరిగింది. గూడూరులోనే ఆగిన అక్కను నేను లాక్కొచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. మావాళ్లు సగం హాలు నిండా కూర్చుని, ఆ ఎండ్రకాయను మామూలుగా చూడలేదు. "అదేందిరా, నేరుగా నడస్తాది?" "దానికి పళ్లుండాయే." "ఆడదా మొగదా? పొట్ట తిప్పి చూపిస్తే చెప్పేద్దును." పట్నంలో హోటలువాడు దాన్ని పట్టుకుని గిన్నెలో పెట్టబోతే పక్క సీట్లలోని టౌను పిల్లలు ఏడ్చారు, మా అవ్వలేమో అందులో చింతపండు వేస్తాడో లేదోనని ముందుకు వంగారు.

ఎండ్రకాయ ఇల్లు చేరింది. గొళ్లెం చప్పుడైంది. టౌనువాళ్లు లేచి పోయారు. మావాళ్లు కదలలేదు. డ్రమ్ము రెండు దెబ్బలు, తెర తెల్లన, లైట్లు. మావాళ్లు కదలలేదు. చీపురు పట్టుకుని వచ్చిన మనిషి అంతమంది తనవైపు చూస్తుంటే సిగ్గుపడి వెనక్కి పోయాడు. మేనేజరు వచ్చాడు.

"సినిమా అయిపోయింది."

"పేర్లు కాలేదు" అన్నాడు పెదనాయన.

"పేర్లలో ఏముంటాది పెద్దాయనా?"

"అది చూసేదానికే కూర్చున్నాం."

"ఇట్లా అయితే పోలీసులను పిలవాల్సొస్తాది."

"పిలువు. వాళ్లకు కూడా చోటుండాది."

వెనక వరసలోంచి ఎవరో, "కాపూ, ఒక్క నిమిషం బయటికి పోయొస్తా, తట్టుకోలేకుండా ఉండా" అన్నారు. పెదనాయన తల తిప్పకుండానే, "తట్టుకో" అన్నాడు. ఆ మాటతో మేనేజరుకు పరిస్థితి అర్థమైంది. జనం కూర్చుంటే తమకేం బాధ అన్న పెద్దమనిషి అప్పుడు నావైపు చూసిన చూపు నేను జన్మలో మరిచిపోను. పైకి చూసి, ఆపరేటరుకు చెయ్యి ఊపాడు.

ఆపేసిన చోటికి సరిగ్గా పోవడం ఆపరేటరుకు చేతకాలేదు. ఎక్కడో నొక్కితే ఎండ్రకాయ ఇంకా పట్నంలోనే ఉంది. చేసేది లేక అది ఇల్లు చేరడం రెండోసారి చూశాం. పక్కన అక్క నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయి కూర్చుంది. ఈసారి గొళ్లెం చప్పుడు కాలేదు. డ్రమ్ము రెండు దెబ్బలు పడ్డాయి, మూడోది పడింది, అక్క గొంతు లేచింది. మా రేవులో పడవను నీళ్లలోకి తోసేటప్పుడు ఆడవాళ్లు దూరంనుంచి మగవాళ్లను కేకేసి పిలిచే గొంతు అది. దానికి గిటారు తోడైంది, అంతే తేడా. మా ఊరు ఊరంతా అంత నిశ్శబ్దంగా కూర్చోవడం నేను అంతకుముందు ఎరుగను. పాట అయిపోయినా పేర్లు పోతూనే ఉన్నాయి. ఇంగ్లీషులో, చీమల బారులా. వాటిలో అక్క పేరు లేదు. తెలుగు పాడినవాళ్ల పేరు వేయాలని ఎవరికీ తోచినట్టు లేదు. మావాళ్లలో దాన్ని గమనించిందీ ఎవరూ లేరు, నేను తప్ప.

ఆఖరి పేరు పోయాక పెదనాయన లేచి, "ఇంక గేటు తీసుకో" అని మేనేజరుకు సెలవిచ్చాడు. తరువాత అక్క దగ్గరికొచ్చి, అప్పుడే పాడి దిగిన మనిషికి ఇచ్చినట్టు నీళ్ల బాటిల్ చేతిలో పెట్టాడు. "అంత పైకి పాడినావు. గొంతు ఎండిపోయుంటాది, తాగు పాపా." అక్క తాగింది. ఐసు మామ అక్కడే నిలబడి గొంతు సవరించుకుని, "పాట బాగుండాదిలే. ఎండ్రకాయ నడకే కుదర్లేదు" అన్నాడు.

అక్క ఆ తరువాత చాలా బొమ్మల సినిమాలకు పాడింది. అన్నీ చివరి పాటలే. పెదనాయన ఇప్పుడు లేడు. ఆ దురాయిని మాత్రం ఆయన ఎత్తలేదు, మరిచిపోయాడో కావాలనే ఉంచాడో తెలియదు. ఆయన పోయాక ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేదు. అందుకే ఈనాటికీ మా ఊరివాళ్లు ఏ హాల్లో కూర్చున్నా ఆఖరి పేరు దాకా లేవరు. మొన్న నెల్లూరులో నేనూ కూర్చున్నాను. ఊడ్చే కుర్రాడు చీపురుతో పక్కన నిలబడి, "ఇంకా ఏమన్నా వస్తాదా సార్?" అన్నాడు. "ఏమీ రాదు నాయనా" అన్నాను. లేవలేదు. మోకాళ్లు పట్టేశాయి కాబట్టి లేవలేదని వాడు అనుకున్నాడు. అందులోనూ కొంత నిజం ఉంది.