యాటనడిగిన డాక్టరమ్మ

మా సుభాషిణి సాధించిన మొదటి ఘనవిజయం డాక్టరేటు కాదు. మేం మగ్గాల పనికి వలస వచ్చిన భేస్తాన్‌లో మా లింగవ్వ చేత పాలు లేని చాయ్ పెట్టించడం! దానికి పదకొండు నెలలు పట్టింది. డాక్టరేటు తర్వాత సులువుగానే వచ్చింది.

మనుషులు జంతువులను ఎట్లా చూస్తారో, మాంసం, పాలు, తేనె మానేసినవాళ్లు ఎట్లా బతుకుతారో పరిశోధించడం ఆమె పని. రెండు పుస్తకాలు, పద్నాలుగు వ్యాసాలు, ఒక బంగారు పతకం. అలవాటు మాత్రం ఒక్కటే. ఎవరేం తిన్నా, తాగినా, తొడుక్కున్నా ఒకటే ప్రశ్న: "దాన్నడిగినవా?"

"పెరుగేస్కో బిడ్డా," అంటుంది లింగవ్వ.

"బర్రెనడిగినవా పెద్దమ్మా?"

"బర్రె ఊరవతల పల్సానాల ఉంటది. ఫోన్ జెయ్యాల్నా?"

పెళ్లిచూపులకు వరప్రసాద్ అసలు పట్టుచొక్కా అని చెప్పుకుంటూ వచ్చాడు. "పురుగునడిగిండ్రా?" అంది. చుట్టూ మగ్గాలు నడిపేవాళ్లమే. పాపం, చెమటలు పట్టి, "పురుగేం లేదండీ, పాలిస్టరే" అని ఒప్పుకున్నాడు. మళ్లీ కనిపించలేదు.

పోయినేడు లింగవ్వ కొడుకు కమలాకర్ చెయ్యి మగ్గంలో పడి, ఎట్లాగో దక్కింది. పోచమ్మకు యాటనిస్తానని లింగవ్వ మొక్కింది. మేకపిల్లను తెచ్చి పెంచింది. దానికి రొట్టె పెట్టనిదే తాను ముద్ద ముట్టేది కాదు. బోనాలు వారం ఉన్నాయనగా సుభాషిణి వచ్చి అడిగింది: "దాన్నడిగినవా?"

బస్తీ అంతా ఘొల్లున నవ్వింది.

"అడుగుతం బిడ్డా!" అన్నాడు మా కులపెద్ద సోమలింగం. "ఆనాడు నీళ్లు సల్లుతం. ఒళ్లు ఇదిలిస్తే సరే అన్నట్టు. దాన్నే జడ్త అంటరు."

"ఇదిలియ్యకపోతే?"

"అమ్మోరు వద్దన్నట్టు. ఇడిసిపెడ్తం. గట్ల ఎన్నడు గాలేదులే!"

డాక్టరమ్మ నోటుపుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయింది. గెలిచామని మేం పండగ చేసుకున్నాం.

మర్నాటి నుంచి ఆమె బకెట్‌తో వచ్చి యాటకు స్నానాలు మొదలుపెట్టింది. రోజుకు పదిసార్లు!

"ఏందమ్మా గిది?"

"రీసెర్చ్, పెద్దమ్మా."

"జర పౌడర్ గూడ కొట్టు!"

బోనాలనాడు సోమలింగం వేపమండతో నీళ్లు చల్లాడు. యాట కదల్లేదు. చెంబెడు పోశాడు. కదల్లేదు. బకెట్ కుమ్మరించాడు. రెండో పక్క కూడా రుద్దమన్నట్టు అటు తిరిగి నిలబడింది!

సోమలింగం చేతులెత్తేశాడు. "అమ్మ వద్దన్నది! కొబ్బరికాయ కొట్టుండ్రి!"

"మరి నా మొక్కు?"

"తీరింది లింగవ్వా!"

లింగవ్వ యాట మెడ పట్టుకుని వదల్లేదు.

ఆ హడావుడిలో సుభాషిణి నోటుపుస్తకం మరిచిపోయింది. కమలాకర్ పైకి చదివాడు: "మొదటి రోజు. విదిలింపులు పంతొమ్మిది. పెద్దమ్మ చాటుగా యాటను పట్టుకుని ఏడ్చింది, రెండుసార్లు. ఆరో రోజు. విదిలింపులు సున్నా. పెద్దమ్మ నన్ను తిట్టింది. రేపటి నుంచి ఏడవదు."

సోమలింగం పుస్తకం లాక్కుని మూసేశాడు. "అమ్మోరు ఎవరి చేత జెప్పిస్తదో మనకెర్కనా? నోరు మూస్కోండ్రి."

ఇప్పుడు ఆమె మూడో పుస్తకం కోసం కచ్ వెళ్లింది, ఒంటెలను అడగడానికి. ఇక్కడ యాట ఇంకెవరు బకెట్ తెచ్చినా పొడుస్తోంది. వాసన చెప్పనలవి కాదు. లింగవ్వ క్యాలెండర్‌లో డాక్టరమ్మ తిరిగొచ్చే రోజు గడి చుట్టూ పసుపు రాసి పెట్టింది: ఆగస్టు పదహారు, ఆదివారం.